కార్డు కంటే ముందు మానిటర్: గేమింగ్ పీసీకి అడాప్టివ్ సింక్ జోడీని ఎంచుకోవడం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లి గేమింగ్ సిస్టమ్ కావాలంటే కొటేషన్ దాదాపు ఒకే వరసలో రాస్తారు. ముందు గ్రాఫిక్స్ కార్డ్, తర్వాత ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), క్యాబినెట్. చివర్లో మిగిలిన డబ్బుకి ఏ మానిటర్ వస్తే అది. ఈ వరసే చాలామందిని ముంచుతోంది. కార్డు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) గీసినా మీ కంటికి చేరేది మానిటర్ చూపించగలిగినంతే. పైగా కార్డు మూడు నాలుగేళ్లకు పాతబడుతుంది, మంచి మానిటర్ ఏడెనిమిదేళ్లు టేబుల్ మీదే ఉంటుంది. కాబట్టి ముందు మానిటర్ తేల్చుకోండి. దాని రిజల్యూషన్‌ని, అడాప్టివ్ సింక్ (కార్డు వేగానికి తగ్గట్టు మానిటర్ తన వేగం మార్చుకునే పద్ధతి) పరిధిని బట్టి కార్డు ఎంచుకోండి.

సింక్ చేసే పని ఏమిటి

ఆటలో కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు రోడ్డు పక్కనున్న దీపస్తంభాన్ని గమనించండి. సింక్ లేని సిస్టమ్‌లో ఆ స్తంభం నడుమకు విరిగినట్టు కనిపిస్తుంది. పైముక్క ఒకచోట, కిందిముక్క వేలెడంత పక్కన. మానిటర్ ఒక ఫ్రేమును సగం దాకా గీసేసరికి కార్డు తర్వాతి ఫ్రేమును అందించింది, మిగతా సగం దాంతో నిండింది. దీన్నే టేరింగ్ అంటారు.

పాత మందు వీ-సింక్. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారుస్తుంది. సిటీ బస్సు టైముకి బయల్దేరినట్టు అన్నమాట. కార్డు ఆ ఫ్రేమును 17 మిల్లీసెకన్లలో పూర్తి చేసిందనుకోండి, బస్సు తప్పిపోయినట్టే. మరో బస్సు దాకా ఆగాలి, అంటే 33.3 మిల్లీసెకన్లు. అప్పటిదాకా పాత బొమ్మే నిలబడి ఉంటుంది, ఆట కుదుపుతుంది, మౌస్ బరువెక్కినట్టు అనిపిస్తుంది.

అడాప్టివ్ సింక్ షేర్ ఆటో లాంటిది. టైమ్‌టేబుల్ ఉండదు, జనం నిండగానే కదులుతుంది. కార్డు ఫ్రేము పూర్తి చేయగానే మానిటర్ రిఫ్రెష్ అవుతుంది. ఫ్రేము 11 మిల్లీసెకన్లు తీసుకుంటే అప్పుడు, 15 తీసుకుంటే అప్పుడు. అందుకే 70 నుంచి 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) మధ్య ఊగే ఆట కూడా నున్నగా సాగుతుంది.

ఆటో కూడా ఎప్పటికీ నిలబడి ఉండదు. ప్రతి మానిటర్‌కీ కింది హద్దు ఒకటి, పై హద్దు ఒకటి ఉంటాయి. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

పెట్టె మీద రాయని అంకె: కింది హద్దు

పెట్టె మీద 144, 165, 180 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింది హద్దు ఎక్కడో వెబ్‌సైట్ స్పెసిఫికేషన్ల అడుగున ఉంటుంది. చాలా మానిటర్లలో అది 48 హెర్ట్జ్.

మీ ఆట 40 ఎఫ్‌పీఎస్‌కి పడిపోయిందనుకుందాం. 48–144 మానిటర్ అయితే డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఒక్కో ఫ్రేమును రెండేసి సార్లు చూపించి మానిటర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర నడిపిస్తుంది. మీకు తేడా తెలియదు. ఈ ఏర్పాటు పేరు ఎల్‌ఎఫ్‌సీ, తక్కువ ఫ్రేముల సర్దుబాటు. అదే 48–75 మానిటర్ అయితే 40కి రెట్టింపు 80, అది 75 దాటిపోయింది. సర్దుబాటుకి చోటే లేదు. సింక్ తెగిపోయి టేరింగో కుదుపో తిరిగి వస్తుంది, అదీ ఆట బాగా బరువెక్కి సింక్ అవసరం ఎక్కువైన క్షణంలోనే.

లెక్క చాలా తేలిక. పై హద్దు కింది హద్దుకి కనీసం రెండు రెట్లు ఉండాలి, రెండున్నర రెట్లు ఉంటే నిశ్చింత. 75 హెర్ట్జ్ మానిటర్లు ఇక్కడే ఓడిపోతాయి. 48–100 అంచు మీద నిలుస్తుంది. 48–144 నుంచి పైవన్నీ పాసే. మీ కార్డు చిన్నదైనకొద్దీ ఈ కింది హద్దు విలువ పెరుగుతుంది, ఎందుకంటే మీరు 50 ఎఫ్‌పీఎస్ చుట్టుపక్కల గడిపే సమయమే ఎక్కువ.

జీ-సింక్, ఫ్రీసింక్: ఏ కార్డుకు ఏ మానిటర్

ఒకప్పుడు ఇది పెద్ద చిక్కు. ఎన్విడియా 2013 అక్టోబర్‌లో జీ-సింక్ ప్రకటించింది. దానికి మానిటర్ లోపల ఎన్విడియా సొంత మాడ్యూల్ ఉండాలి, ఆ ఖర్చంతా మానిటర్ ధరలో కలిసేది. 2014లో డిస్‌ప్లే ప్రమాణాలు రూపొందించే వెసా (VESA) సంస్థ డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలోనే అడాప్టివ్ సింక్‌ని చేర్చింది. దాని మీదే ఏఎండీ ఫ్రీసింక్ నిలబడింది, 2015లో ఆ మానిటర్లు బజారుకొచ్చాయి. 2019 జనవరిలో ఎన్విడియా దిగివచ్చి, తన జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పై కార్డులన్నీ మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లతోనూ పనిచేసేలా డ్రైవర్ ఇచ్చింది. 400 మానిటర్లు పరీక్షించి మొదట 12కే 'జీ-సింక్ కంపాటబుల్' ముద్ర వేసింది. ముద్ర లేనివీ పనిచేస్తాయి, ఆప్షన్ మీరే ఆన్ చేసుకోవాలి.

ఇవాళ్టి స్థితి ఇది:

| కార్డు | డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో | హెచ్‌డీఎంఐ కేబుల్‌తో |
|---|---|---|
| ఏఎండీ రేడియన్ | ఫ్రీసింక్, అడాప్టివ్ సింక్ మానిటర్లన్నీ | హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ ఇచ్చే మానిటర్లు. కొత్త కార్డులకు 2.1 వీఆర్‌ఆర్ (హెచ్‌డీఎంఐలో అడాప్టివ్ సింక్ పేరు) కూడా |
| ఎన్విడియా జీఫోర్స్ | జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి అడాప్టివ్ సింక్ మానిటర్లు | హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉన్న టీవీలు, మానిటర్లతో మాత్రమే. జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 నుంచి |
| ఇంటెల్ ఆర్క్ | అడాప్టివ్ సింక్ మానిటర్లు | దీని మీద ఆధారపడకుండా డిస్‌ప్లేపోర్ట్ వాడండి |

ఈ పట్టికలో రెండో వరసని మళ్లీ చదవండి. చవక 22, 24 అంగుళాల మానిటర్లు చాలావాటికి హెచ్‌డీఎంఐ, వీజీఏ తప్ప డిస్‌ప్లేపోర్ట్ ఉండదు. పెట్టె మీద ఫ్రీసింక్ అని నిజంగానే రాసి ఉంటుంది. దానికి ఎన్విడియా కార్డు తగిలిస్తే జీ-సింక్ ఆప్షన్ కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించనే కనిపించదు. తప్పు కార్డుది కాదు, మానిటర్‌దీ కాదు. ఏఎండీ తన సొంత పద్ధతిలో హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ నడిపిస్తుంది, ఆ పద్ధతి ఎన్విడియాకి తెలియదు. కాబట్టి దుకాణంలో మానిటర్ వెనక్కి తిప్పి చూడండి. డిస్‌ప్లేపోర్ట్ సాకెట్‌కి ఒక మూల కోసినట్టు ఉంటుంది. అది లేకపోతే ఎన్విడియా కొనేవాళ్లు ఆ మానిటర్ వదిలేయండి.

సెకండ్ హ్యాండ్‌లో పాత జీ-సింక్ మాడ్యూల్ మానిటర్ దొరికితే ఎన్విడియా వాళ్లకు బంగారమే. ఏఎండీ కార్డుకి మాత్రం అది మామూలు మానిటర్‌లాగే పనిచేస్తుంది, సింక్ రాదు.

ఈ లెక్కన సింక్ పేరు చూసి కార్డు కంపెనీ ఎంచుకునే రోజులు పోయాయి. డిస్‌ప్లేపోర్ట్ ఉండి, 48–144 లేదా అంతకన్నా పెద్ద పరిధి ఉన్న మానిటర్ ఏదైనా మూడు కంపెనీల కార్డులతోనూ నడుస్తుంది. రేపు కార్డు మార్చినా మానిటర్ మార్చక్కర్లేదు.

సైజు, రిజల్యూషన్

కార్డు మీద పడే బరువు పిక్సెళ్ల లెక్క. 1080పీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీలో 36.9 లక్షలు, అంటే 1.78 రెట్లు. 4కేలో 82.9 లక్షలు, సరిగ్గా నాలుగు రెట్లు. 1080పీలో హాయిగా ఆడించే కార్డు 4కేలో ఎందుకు చతికిలబడుతుందో ఈ మూడు అంకెలే చెబుతాయి.

24 అంగుళాలకు 1080పీ, 27కి 1440పీ, 32కి 4కే సరిజోడు. 27 అంగుళాల 1080పీ మానిటర్లు చవగ్గా కనిపిస్తాయి, వాటికి దూరంగా ఉండటం మేలు. ఒక్కో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 24 అంగుళాల్లో అది 0.28, 27 అంగుళాల 1440పీలో 0.23. ఆటలో అంతగా తెలియకపోవచ్చు, తెలుగు చదివేటప్పుడు వెంటనే తెలుస్తుంది. 'రాష్ట్రం' అనే మాటని మామూలు సైజులో తెరిచి చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చిన్న మచ్చలా కనిపిస్తాయి. ఇంగ్లీష్ అక్షరాలకి ఈ ఇబ్బంది ఇంత ఉండదు, అందుకే ఇంగ్లీష్ రివ్యూల్లో ఇది కనిపించదు. అదే మానిటర్ మీద రోజూ తెలుగు పేపర్లు చదివేవాళ్లు ఇంట్లో ఉంటే దుకాణంలోనే ఒక తెలుగు పేజీ తెరిపించి చూడండి.

ప్యానెల్: ఐపీఎస్, వీఏ, ఓలెడ్

ప్యానెల్ అంటే మానిటర్ తెర రకం. ఐపీఎస్ అన్నిటికీ పనికొస్తుంది. రంగులు బాగుంటాయి, పక్క నుంచి చూసినా మారవు, కదలికలు చురుగ్గా ఉంటాయి. నలుపు మాత్రం పూర్తి నలుపు కాదు. రాత్రి లైటు ఆర్పి ఆడితే మూలల్లో తెల్లటి మెరుపు కనిపిస్తుంది.

వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, ధర తక్కువ. దీనికి రెండు జబ్బులు. మొదటిది, చీకటి దృశ్యాల్లో కదిలే వస్తువు వెనక నల్లటి మరక సాగుతుంది. రెండోది అడాప్టివ్ సింక్‌కి సంబంధించినది, కొన్నాక గానీ తెలియదు: వెలుతురు రెపరెప. ఎఫ్‌పీఎస్ 48 చుట్టూ ఊగినప్పుడు సర్దుబాటు ఆన్, ఆఫ్ అవుతూ మానిటర్ 50 హెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా 90ల్లోకి దూకి, మళ్లీ కిందికి వస్తుంది. ఒక్కో రిఫ్రెష్ వేగానికి ప్యానెల్ వెలుతురు కొద్దిగా వేరుగా ఉండటంతో తెర మిణుకుమంటుంది. లోడింగ్ తెరలు, మెనూల్లో ఎక్కువ. కేబుల్ మార్చినా పోదు. ఎఫ్‌పీఎస్‌కి పరిమితి పెట్టి 60కి పైన నిలకడగా ఉంచితే చాలావరకు తగ్గుతుంది. అంటే వీఏ కొనేవాళ్లకి కాస్త బలమైన కార్డు కావాలి. చిన్న కార్డు, చవక వీఏ మానిటర్ కలిపి కొనడం ఈ మొత్తం వ్యవహారంలో పొరపాటైన జోడీ.

ఓలెడ్‌కి సాటి లేదు, చురుకుదనంలోనూ నలుపులోనూ. అయితే చీకటి దృశ్యాల్లో రెపరెప దీనికీ ఉంది. కదలని బొమ్మ గంటల తరబడి నిలిస్తే దాని ముద్ర పడిపోతుంది. పగలంతా ఆఫీసు పని, కింద టాస్క్‌బార్, పక్కన కోడ్ ఎడిటర్ తెరిచి ఉంచేవాళ్లకి అది నిజమైన నష్టం. బర్న్-ఇన్‌కి వారంటీ వర్తిస్తుందని కాగితం మీద ఉంటేనే తీసుకోండి.

మరో చిన్న విషయం. మానిటర్ మెనూలో పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసే ఓవర్‌డ్రైవ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కంపెనీలు పై హెర్ట్జ్‌కి సరిపడేలా అమరుస్తాయి. మీరు 60 ఎఫ్‌పీఎస్‌లో ఆడుతుంటే అదే సెట్టింగ్ అతిగా పనిచేసి వస్తువుల వెనక తెల్లటి నీడలు వస్తాయి. చివరి మెట్టులో పెట్టకండి, మధ్య మెట్టు చాలు.

కార్డులు

రూపాయల ధరలు వారానికోసారి మారతాయి కాబట్టి పట్టికలో అమెరికా విడుదల ధర ఇస్తున్నాం. దాన్ని కొలబద్దగా వాడండి: దుకాణం చెప్పిన రూపాయల ధరను ఆ డాలర్ల అంకెతో భాగించండి. ఒక కార్డుకి 100, పక్క కార్డుకి 125 వస్తే రెండోది మన దగ్గర నాలుగో వంతు అదనపు ధరకి పోతోందని అర్థం. ఎక్కడ బేరమాడాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

| కార్డు | మెమరీ | వాట్లు | విడుదల ధర (డాలర్లు) | తగిన మానిటర్ |
|---|---|---|---|---|
| ఇంటెల్ ఆర్క్ బీ580 | 12 జీబీ | 190 | 249 | 1080పీ. కొత్త సిస్టమ్‌లో 1440పీ |
| ఆర్‌టీఎక్స్ 5060 | 8 జీబీ | 145 | 299 | 1080పీ |
| ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ | 16 జీబీ | 160 | 349 | 1080పీ, 1440పీ |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 16 జీబీ | 180 | 429 | 1080పీ, 1440పీ |
| ఆర్‌టీఎక్స్ 5070 | 12 జీబీ | 250 | 549 | 1440పీ |
| ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ | 16 జీబీ | 304 | 599 | 1440పీ, 4కే |
| ఆర్‌టీఎక్స్ 5070 టీఐ | 16 జీబీ | 300 | 749 | 1440పీ, 4కే |

9060 ఎక్స్‌టీ, 5060 టీఐ రెండింటికీ 8 జీబీ రకాలు కూడా ఉన్నాయి. పెట్టె దాదాపు ఒకేలా ఉంటుంది, బిల్లులో '16 జీబీ' అని రాయించుకోండి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఆట టెక్స్చర్లు (వస్తువుల పైపొర బొమ్మలు) కార్డు మెమరీలో పట్టకపోతే మిగిలినవి సిస్టమ్ ర్యామ్‌లోకి పోతాయి, అవసరమైనప్పుడల్లా బోర్డు మీది స్లాట్ గుండా రావాలి. సగటు ఎఫ్‌పీఎస్ అలాగే ఉంటుంది, ఉండుండి అర సెకను కుదుపు వస్తుంది. ఆ కుదుపుని ఏ అడాప్టివ్ సింకూ దాచలేదు, ఎందుకంటే ఆ కాసేపు చూపించడానికి కొత్త ఫ్రేమే లేదు.

పాత బోర్డులో ఇది ఇంకా ముదురుతుంది. 5060, 5060 టీఐ, బీ580 మూడూ ఎనిమిది లేన్ల (స్లాట్‌లో డేటా నడిచే దారుల) కార్డులు. కొత్త బోర్డుల్లో ఏ ఇబ్బందీ లేదు. హెచ్310, బీ450 లాంటి పీసీఐఈ 3.0 (పాత తరం స్లాట్) బోర్డుల్లో మాత్రం ఎనిమిది లేన్లు సెకనుకి సుమారు 8 జీబీ మాత్రమే మోయగలవు. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు ఉన్నాయి, అదే బోర్డులో దానికి రెట్టింపు దారి. పాత సిస్టమ్‌లో కార్డు మాత్రమే మార్చాలనుకునేవాళ్లకి ఈ ఒక్క కారణంతోనే 16 జీబీ 9060 ఎక్స్‌టీ మొదటి సలహా.

ఆర్క్ బీ580 ధరకి మెమరీ బాగా ఇస్తుంది. దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే ఆప్షన్) తప్పనిసరి. బయోస్‌లో ఆ ఆప్షన్ లేని పాత బోర్డులో పెడితే వేగం దారుణంగా పడిపోతుంది. ఆప్షన్ ఉన్నా, పాత ఆరు కోర్ల ప్రాసెసర్లతో డ్రైవర్ భారం ఎక్కువై పూర్తి బలం చూపించదు. కొత్త సిస్టమ్ కట్టేవాళ్లకి పెట్టండి, అప్‌గ్రేడ్ వాళ్లకి వద్దు.

ఇక డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ సంగతి. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం వీటి పని. ఇందులో ఎన్విడియా వారి డీఎల్‌ఎస్‌ఎస్ ఎక్కువ ఆటల్లో ఉంది. ఏఎండీ 9000 సిరీస్‌తో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 నాణ్యతలో బాగా దగ్గరికొచ్చింది, పాత ఎఫ్‌ఎస్‌ఆర్‌ని చూసి దీన్ని కొట్టిపారేయకండి. ఫ్రేమ్ జనరేషన్ వేరు. నడుమ ఫ్రేములు ఊహించి కలుపుతుంది. 60ని 120గా చూపిస్తుంది గానీ మీ మౌస్‌కి ఆట స్పందించేది ఆ 60 వేగంతోనే, ఇంకాస్త ఆలస్యంగా కూడా. అసలు ఎఫ్‌పీఎస్ 60 ఉంటే ఇది బోనస్. 30 ఉంటే ఆట నీళ్లలో నడిచినట్టు ఉంటుంది. 'నాలుగు రెట్ల ఎఫ్‌పీఎస్' అన్న మాట విని చిన్న కార్డుకి 4కే మానిటర్ జోడించకండి.

సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులు ఇంకా తిరుగుతున్నాయి. వాటికి 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు ఆగిపోయాయి, కొత్త ఆటల కోసం కొనకండి.

ఎవరికి ఏ జోడీ

*హాస్టల్ గది, వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2.* ఈ ఆటలు కార్డు కంటే ప్రాసెసర్‌ని ఎక్కువ పిండుతాయి. 24 అంగుళాల 1080పీ ఐపీఎస్, 180 హెర్ట్జ్ లేదా ఆపైన, డిస్‌ప్లేపోర్ట్‌తో. కార్డు ఆర్‌టీఎక్స్ 5060 చాలు, మిగిలిన డబ్బు ప్రాసెసర్ మీద పెట్టండి. 8 జీబీ ఇక్కడ అడ్డురాదు. ఇలాంటి ఆటగాళ్లకి అడాప్టివ్ సింక్ రెండో మాట, అధిక హెర్ట్జ్ మొదటి మాట.

*కథ ఉన్న పెద్ద ఆటలు, తీరిగ్గా.* సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్ వూకాంగ్ లాంటివి ఎఫ్‌పీఎస్‌ని బాగా ఊపుతాయి. అడాప్టివ్ సింక్ ఉన్నదే ఈ ఆటలకోసం. 27 అంగుళాల 1440పీ ఐపీఎస్, 48–165 లేదా 48–180. కార్డు 16 జీబీ 9060 ఎక్స్‌టీతో మొదలుపెట్టి 9070 ఎక్స్‌టీ దాకా. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా గీసే పద్ధతి) మీద మోజు ఉంటే 5070 టీఐ. ఆర్‌టీఎక్స్ 5070 వేగం బాగున్నా, ఆ ధరలో 12 జీబీ దగ్గర ఆగిపోవడం మాకు నచ్చదు. ఐదేళ్లు వాడుకోవాలనుకునేవాళ్లు 16 వైపు మొగ్గండి.

*గచ్చిబౌలి ఉద్యోగం, పగలు కోడ్, రాత్రి ఆట.* ఇక్కడ అక్షరాల స్పష్టతకి ఓటు. 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ కంటికి హాయి. డబ్బు ఉంటే 4కే, పని స్పష్టంగా కనబడుతుంది, ఆటని ఎఫ్‌ఎస్‌ఆర్ లేదా డీఎల్‌ఎస్‌ఎస్‌తో నెట్టుకు రావచ్చు. ఇంట్లో ఏఐ మోడల్స్ నడిపే పనీ ఉంటే ఎన్విడియా తీసుకోండి, కుడా (CUDA, ఎన్విడియా సొంత ప్రోగ్రామింగ్ వేదిక) అలవాటైన సాఫ్ట్‌వేర్ అంతా దాని మీదే సాఫీగా ఉంటుంది.

*హాల్లో టీవీకి కలిపి ఆడేవాళ్లు.* టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్‌ఆర్ ఉందా చూడండి, ఉంటే ఏ కొత్త ఎన్విడియా, ఏఎండీ కార్డు అయినా సరే. చాలా టీవీల్లో ఆ సౌకర్యం ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టకపోతే మౌస్ ఆలస్యం భరించలేరు.

ఎండ, కరెంటు, దుమ్ము

కార్డు వేడి గది వేడి మీద ఎక్కుతుంది. 28 డిగ్రీల గదిలో 70 చూపించే కార్డు, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 82 చూపిస్తుంది, ఫ్యాన్లు కూడా అరుస్తాయి. ఏసీ లేని గదికి మూడు ఫ్యాన్ల పెద్ద కూలర్ ఉన్న మోడల్‌కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. క్యాబినెట్ ముందు భాగం గాజు కాకుండా జాలీ ఉన్నది కొనండి. డ్రైవర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించితే వేడి బాగా తగ్గుతుంది, వేగంలో పోయేది కొద్దిగానే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పోతుంది.

ఎస్ఎంపీఎస్ విషయంలో కంపెనీలు చెప్పేవి: 5060కి 550 వాట్లు, 5060 టీఐకి 600, 5070కి 650, 5070 టీఐకీ 9070 ఎక్స్‌టీకీ 750. 9060 ఎక్స్‌టీకి 450 చాలు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్‌తో ఈ కార్డులేవీ నడపకండి.

యూపీఎస్ దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 300 వాట్ల కార్డు ఆటలో ఉండగా కరెంటు పోతే అది మోయలేక సిస్టమ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పైగా మంచి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని పొదుపుగా లాగే సర్క్యూట్) ఉంటుంది. చవక యూపీఎస్‌లూ పాత ఇన్వర్టర్లూ ఇచ్చే మెట్ల తరంగం దానికి పడక, లోడ్ తక్కువున్నా రీస్టార్ట్ అవ్వచ్చు. పెద్ద కార్డు కొనేవాళ్లు 1000 వీఏకి తగ్గకుండా ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

బిల్లు దగ్గర, ఇంటికొచ్చాక

బిల్లు మీద సీరియల్ నంబర్, జీఎస్టీ వివరాలు ఉండాలి. కార్డు మీది స్టిక్కర్‌తో ఆ నంబర్ కలుస్తోందా అక్కడే చూడండి. వారంటీ ఇచ్చేది భారత్‌లోని డిస్ట్రిబ్యూటరా, దుకాణమా అడగండి. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందా, లేక కార్డు వేరే ఊరికి పంపాలా అన్నది కూడా. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీలోంచి పోతున్నట్టే. మానిటర్‌కి డెడ్ పిక్సెల్ షరతు ఎన్ని చుక్కల దగ్గర మొదలవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంట్లో అమర్చేటప్పుడు ఈ వరస పాటించండి:

1. కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డ్ వెనక పోర్టుకి పెట్టండి, బోర్డు మీది హెచ్‌డీఎంఐకి కాదు. మానిటర్ పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి.
2. మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ లేదా ఫ్రీసింక్ ఆన్ చేయండి. చాలావాటిలో ఇది ఆఫ్‌లో వస్తుంది.
3. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు పెంచండి. 60 దగ్గరే వదిలేసి నెలల తరబడి ఆడేవాళ్లు చాలామంది.
4. ఎన్విడియా అయితే కంట్రోల్ ప్యానెల్‌లో 'సెటప్ జీ-సింక్', ఏఎండీ అయితే దాని అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లే పేజీలో ఫ్రీసింక్ ఆన్ చేయండి.
5. ఎఫ్‌పీఎస్‌కి పై హద్దు కంటే కనీసం మూడు తక్కువగా పరిమితి పెట్టండి, 144కి 141. పై హద్దు తాకితే సింక్ వదిలేస్తుంది. ఎన్విడియాలో డ్రైవర్ వీ-సింక్ ఆన్ చేసి, ఆటలోది ఆఫ్ చేయండి. ఆటలో రిఫ్లెక్స్ (ఎన్విడియా ఇచ్చే, ఆలస్యం తగ్గించే ఆప్షన్) ఉంటే అదే పరిమితి పెట్టుకుంటుంది: 144కి 138, 165కి 157, 240కి 224 చుట్టూ.

సింక్ నిజంగా నడుస్తోందో లేదో తెలియాలంటే మానిటర్ మెనూలో రిఫ్రెష్ రేటు చూపించే ఆప్షన్ ఆన్ చేసి ఆట తెరవండి. అంకె ఆట ఎఫ్‌పీఎస్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంటే పనిచేస్తున్నట్టు, 144 దగ్గర బిగుసుకుపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పినట్టు. తర్వాత లైటు ఆర్పి, ఆటలో ఒక చీకటి గదిలోకి వెళ్లి, ఎఫ్‌పీఎస్ పరిమితిని 45కి, 50కి, 60కి మారుస్తూ ఒక్కో దగ్గర రెండు నిమిషాలు చూడండి. రెపరెప, మరక, చచ్చిన చుక్క ఏది ఉన్నా వీడియో తీసి పెట్టుకోండి. ఈ పరీక్ష కొన్న రోజు రాత్రే చేయండి, మార్పిడి గడువు చాలాచోట్ల వారం పది రోజులే ఉంటుంది, పెట్టె, థర్మాకోల్ చిరక్కుండా ఉంటేనే తీసుకుంటారు.